బిడ్డల పాలపండ్లు: మహమ్మారి నాటి పాఠము

పండ్లనగానే మన పత్రిక చదువరులకు మామిడియు, జామయు, సీతాఫలమును తలపునకు వచ్చుట సహజము. ఈ మాసమున మేము వ్రాయబూనినది తోటలోని పండ్లను గూర్చి కాదు, బిడ్డల నోటిలోని పండ్లను గూర్చి. విత్తనమును, ఎరువును, తెగులును గూర్చి చెప్పవలసినవారికి దంతములతో నేమి పని యని కొందరు అడుగవచ్చును. మేము దంతవైద్యులము కాము. వైద్యులు చెప్పుచున్న సంగతులను రైతు కుటుంబములకు తెలియునట్లు కూర్చి చెప్పుటయే మా పని. తెగులు సోకిన పిదప మందు చల్లుటకంటె, తెగులు సోకకుండ చేనిని కాచుకొనుట మేలని మేము ఊరూర చెప్పుచుందుము. పంటకును పంటికిని ఈ సూత్రమొక్కటియే.

ఇప్పుడీ విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. హైదరాబాదునకు పడమట మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. నాటినుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, రాయదుర్గము మున్నగు పల్లెల మెట్టనేలలపై అద్దాల మేడలు లేచెను. మన సంఘ సభ్యులలో అనేకుల కుమారులును కుమార్తెలును ఆ మేడలలో కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. మరికొందరి పిల్లలు అచ్చటనే కాపలా పనియో, వాహనము నడపు పనియో, వంట పనియో చేయుచున్నారు. అందుచే ఆ ప్రాంతమునకు కలిగిన కష్టము మన పల్లెలకును వచ్చి తగులును. 2020వ సంవత్సరమున అట్లే తగిలెను.

తలుపులు మూసిన దినములు

2020 మార్చి 2వ తేదీన తెలంగాణలో తొలి కరోనా రోగి సంగతి వెల్లడియయ్యెను. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని మహమ్మారిగా పేర్కొనెను. ఆ నెల నడుమనే మన పాఠశాలలు మూతబడెను. 22న జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌను అమలయ్యెను. హైటెక్ సిటీ మేడలు ఖాళీ యయ్యెను. ఉద్యోగులు ఇంటినుండియే పనిచేయసాగిరి. గచ్చిబౌలి క్రీడాగ్రామపు భవనమును ఏప్రిలులో కరోనా ఆసుపత్రిగా మార్చిరి. మే 1వ తేదీన, ఆ మేడలకు అనతి దూరముననే యున్న లింగంపల్లి స్టేషను నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశములోనే మొదటి వలసకూలీల ప్రత్యేక రైలు బయలుదేరెను.

ఆ మే నెల మొదటనే హైదరాబాదు, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలు మూడును ఎఱ్ఱమండలములుగా గుర్తింపబడెను. మే 19న కేంద్ర ఆరోగ్య శాఖవారు దంతవైద్యులకు నియమములను ప్రకటించిరి. కట్టడి ప్రాంతములలో దంతవైద్యశాలలు మూసియుంచవలెను. ఎఱ్ఱమండలములలో అత్యవసర చికిత్సలు మాత్రమే చేయవలెను. సాధారణ పరీక్షలు, శుభ్రపరచుటలు వాయిదా వేయవలెను అని వాని సారాంశము. ఆగస్టు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థయు, రోగము ఊరంతట వ్యాపించిన చోట్ల, అత్యవసరముగాని దంతచికిత్సను తాత్కాలికముగా నిలుపుట మంచిదని సలహా యిచ్చెను.

దీనికి కారణము తెలిసికొనదగినది. దంతవైద్యుడు పంటిని తొలుచు మర నిమిషమునకు లక్షల చుట్లు తిరుగును. అది వేడెక్కకుండుటకై దానిపై నీరు చిమ్ముచుండును. ఆ నీరు రోగి ఉమ్మితో కలిసి, మనము పైరుపై మందు కొట్టునప్పుడు లేచు మంచువంటి సన్నని తుంపరగా గదిలో వ్యాపించును. కరోనా రోగబీజము ఉమ్మిలో నుండును. కావున వైద్యునికిని, సహాయకులకును, తరువాత వచ్చు రోగికిని అపాయము కలుగును. తలుపులు మూయుట నిర్లక్ష్యముచేత జరిగినది కాదు, అవసరముచేత జరిగినది.

బిడ్డల పండ్లు మాత్రము లాక్‌డౌనును పాటింపలేదు. పాఠశాలలు 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు తెరువబడి, మార్చి 24న మరల మూతబడి, సెప్టెంబరు 1న గాని అందరికిని తెరువబడలేదు. చిన్న తరగతుల పిల్లలు దాదాపు ఏడాదిన్నర కాలము ఇండ్లలోనే యుండిరి. ఆ ఏడాదిన్నరలో పాలపండ్లు ఊడెను, క్రొత్త పండ్లు మొలచెను, పుచ్చులు లోతెక్కెను. చూచువారు మాత్రము లేకపోయిరి.

ఇండ్లలో జరిగిన మార్పు

పట్టణములో పనులు ఇంటికి చేరగానే కొందరు తలిదండ్రులు బిడ్డలతో పల్లెలకు వచ్చిరి. కొందరు బిడ్డలను మాత్రము అవ్వ తాతల కడకు పంపిరి. మనుమలు వచ్చిరను సంతోషముతో పెద్దలు అరిసెలు చేసిరి, పల్లీపట్టీలు పోసిరి, డబ్బాలు నింపి పిల్లల చేతికందునట్లు పెట్టిరి. గచ్చిబౌలి, కొండాపూర్ అపార్టుమెంట్లలో మిగిలిన తలిదండ్రులు ఒక గదిలో కంప్యూటరు ముందు కూర్చుండ, రెండవ గదిలో బిడ్డ సెల్‌ఫోనులో పాఠము వినుచు బిస్కత్తులు నమలుచుండెను. కట్టడపు పనుల గుడిసెలలో నుండిన కూలీల పిల్లలకు దాతలు పంచిన పొట్లములలోను చౌకయైన బిస్కత్తులే తరచుగా నుండెను. ఈ ముగ్గురు బిడ్డల స్థితిగతులు వేరు. నోటిలో జరిగినది మాత్రమొక్కటే: ఉదయమునుండి రాత్రివరకు ఏదియో యొక తీపి వస్తువు నోటిలో నానుచుండెను.

పాఠశాల యున్న దినములలో గంట కొట్టినప్పుడే తిండి. ఇంట నున్నప్పుడు గంట లేదు. నిద్రకును వేళ తప్పెను. నిద్రతోబాటు రాత్రి పండ్లు తోముకొను అలవాటును తప్పెను. మహమ్మారి బిడ్డల పండ్లకు చేసిన కీడులో వైద్యశాల మూతబడుట కొంత భాగము. ఇంటిలో వేళలు చెడుట అంతకంటె పెద్ద భాగమని మా యభిప్రాయము. ఏలయనగా వైద్యుడు పుచ్చును పూడ్చును. పుచ్చును పుట్టించునది గాని, ఆపునది గాని ఇంటి నడవడియే.

పుచ్చు పుట్టు విధము

పుప్పిపంటిలో పురుగుండునని మన పల్లెలలో నమ్మకము కలదు. పొగవేసి పురుగును తీసితిమని చూపి సొమ్ము గుంజువారును కలరు. పంటిలో పురుగు లేదు. పంటిమీద జిగటగా తెల్లని పొర యొకటి పేరుకొనును. గోటితో గీచిన వచ్చును. దానినే పాచి యందుము. ఆ పాచిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది నుండును. మనము తిన్న తీపిని అవియు తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిపై నున్న గట్టి పింగాణి పొరలోని సున్నపు సారమును కరగించును.

నేల పరీక్ష చేయించిన రైతులకు ఉదజని సూచిక యను మాట తెలియును. 7 అంకె సమస్థితి, తగ్గినకొలది పులుపు. నోటిలో ఈ సూచిక సుమారు 5.5 అంకెకు దిగినచో పింగాణి కరగనారంభించును. తీపి తిన్న కొలది నిమిషములలోనే పాచిలో సూచిక ఆ యంకెకు దిగువకు పడును. ఉమ్మి దానిని కడిగి మరల యథాస్థితికి తెచ్చుటకు సుమారు అరగంట మొదలు గంట వరకు పట్టును. ఆ విరామమున ఉమ్మిలోని సున్నపు సారము తిరిగి పంటిలో చేరి, కరగినదానిని కొంతవరకు పూరించును. ఇట్లు తరుగుటయు పూడుటయు ప్రతిదినము జరుగుచునే యుండును. తరుగు పూడికను మించినప్పుడే పుచ్చు పడును.

దీనినిబట్టి యొక లెక్క వేసి చూడుడు. బిడ్డ దినమునకు మూడు పూటల అన్నమును, ఒక్కసారి చిరుతిండియు తినెననుకొందము. తడవకు అరగంట చొప్పున పంటికి రెండు గంటల తరుగు. అదే బిడ్డ అంతే చిరుతిండిని ఆరు తడవలుగా కొరుకుచు తినెనా, మూడు పూటలతో కలిసి తొమ్మిది తడవలు; నాలుగున్నర గంటల తరుగు. తిన్న తీపి కొలత హెచ్చలేదు. తిన్న సార్లు హెచ్చినవి. కావున బిడ్డ ఎంత తీపి తినెనను ప్రశ్నతోబాటు ఎన్నిసార్లు తినెనను ప్రశ్నను తప్పక వేసికొనవలెను. మా వ్యాసములోని ముఖ్యమైన మాట యిదియే.

బెల్లము చక్కెరకంటె పండ్లకు మేలని కొందరు తలంతురు. పంటిమీది సూక్ష్మజీవులకు ఆ భేదము లేదు. బెల్లమును, తేనెయు, చక్కెరయు వానికి సమానమైన విందే. పంటికంటుకొను పట్టీలు, మిఠాయిలు మరింత కీడు చేయును.

యుద్ధకాలపు సాక్ష్యము

ఆపత్కాలము లన్నియు బిడ్డల పండ్లను చెరచునని తలపరాదు. రెండవ ప్రపంచ యుద్ధమున నార్వే, జపాను మున్నగు దేశములలో చక్కెర దొరకుట మిక్కిలి తగ్గెను. అచ్చటి దంతవైద్యులు తరువాత లెక్కలు చూడగా, పిల్లల పుచ్చుపండ్లు కూడ గణనీయముగా తగ్గియుండెను. యుద్ధము ముగిసి చక్కెర మరల విరివిగా రాగా, పుచ్చులును మరల పెరిగెను. ఆ యుద్ధకాలమున వైద్యసౌకర్యము లేమియు హెచ్చలేదు. తీపి తగ్గుటయే మేలు చేసెను.

2020లో దీనికి విపర్యయముగా జరిగెను. వైద్యశాల తలుపు మూతబడెను. కిరాణా దుకాణము తలుపు, న్యాయముగనే, తెరచి యుండెను. అంతకు ముందే మన దేశమున బిడ్డల పండ్ల స్థితి బాగుగా లేదు. భారత దంతవైద్య మండలివారు 2002-03లో జరిపిన సర్వేలో అయిదేండ్ల పిల్లలలో నూటికి దాదాపు 52 మందికి పుచ్చుపండ్లున్నట్లు తేలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున 51 కోట్లకు మించిన పిల్లల పాలపండ్లు పుచ్చినవి. చిన్నపిల్లల వ్యాధులలో ఇంత విరివిగా నున్నవి మిక్కిలి తక్కువ.

రాలిపోవు పంటికి రక్షణ యేల?

పాలపన్ను ఎట్లును రాలిపోవునదే గదా, దాని కింత శ్రమ యేలయని పెద్దలు పలుకుట మేము పలుతావుల వింటిమి. దీనికి మూడు సమాధానములు. మొదటిది నొప్పి. పుచ్చు పంటి లోపలి మెత్తని భాగమును చేరినచో బిడ్డ తినలేదు, నిద్రపోలేదు, చదువలేదు. రెండవది చీము. పాలపంటి వేరుక్రింద చేరిన చీము, దాని క్రింద తయారగుచున్న శాశ్వత దంతమును చెరచగలదు. ముఖమునకును మెడకును ప్రాకి ప్రాణాపాయము తేగలదు. మూడవది చోటు. దవడలోని పాలపన్ను వేళకు ముందే ఊడినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి ఒరగును. రావలసిన పన్నుకు చోటు చాలక వంకరగా వచ్చును. నారు నాటు దూరము తప్పిన మడి యెట్లుండునో రైతునకు వేరే చెప్పనక్కర లేదు.

ఇంకొక సంగతి పెక్కండ్రకు తెలియదు. పాలపండ్లు 20. అవి సుమారు ఆరవ నెల మొదలు మూడవ యేడు లోపల వచ్చును. ఆరవ యేట, పాలపండ్ల వెనుక, క్రొత్త చోటున, పైన రెండు క్రింద రెండు పెద్ద దవడపండ్లు మొలచును. వీనికొరకు ఏ పన్నును ఊడదు. కావున ఇవియు పాలపండ్లే యని తలిదండ్రులు పొరబడుదురు. ఇవి శాశ్వత దంతములు. పోయినచో మరల రావు. వీని పైభాగమున లోతైన గాళ్లుండును. క్రొత్తగా మొలచిన పింగాణి మొలకవలె లేతగా నుండును. పుచ్చు మొదట పట్టునది తరచుగా వీనినే.

ఇప్పుడు తేదీలు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 2020 మార్చిలో అయిదున్నర యేండ్ల బిడ్డ, 2021 సెప్టెంబరులో బడి తెరచునప్పటికి ఏడేండ్ల వాడు. వాని నాలుగు శాశ్వత దవడపండ్లును ఎవ్వరును చూడని ఆ ఏడాదిన్నరలోనే మొలచినవి. ఆ బిడ్డలు నేడు ఉన్నత పాఠశాల వయస్సు వారు. మీ యింట అట్టి బిడ్డ యున్నచో వాని నోరు తెరిపించి, వెనుక దవడపండ్ల గాళ్లలో నలుపుగాని, గుంటగాని కలదేమో నేడే చూడుడు. ఉన్నచో దంతవైద్యుని కడకు తీసికొనిపొండు. మహమ్మారిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర స్థితినుండి తొలగించెను. ఆ కాలమున పట్టిన పుచ్చు మాత్రము తనంత తాను తొలగదు.

ఇంట చేయవలసిన పనులు

వైద్యశాల మూతబడినను, ఊరికి దూరమైనను చేయదగిన పనులు కొన్ని కలవు. వీనికి ఖర్చు స్వల్పము.

మొదటిది తిండి వేళలు. మూడు పూటల అన్నము, నడుమ ఒకటి రెండు సార్లు చిరుతిండి. మిగిలిన కాలము మంచినీరు మాత్రము. తీపి పెట్టవలసివచ్చినచో అన్నముతోబాటు పెట్టుడు. నడుమ ఆకలియైనచో వేయించిన పల్లీలు, పుట్నాలు, ఉడికించిన మక్కకంకి, జామకాయ ముక్కలు, తీపి కలుపని మజ్జిగ మేలు. మిక్కిలి చిన్న పిల్లలకు పల్లీలు, పుట్నాలు గొంతులో అడ్డుపడు భయము గలదు గాన వారికి ఇవ్వరాదు. చక్కెర కలిపిన పాలసీసాను నోటనుంచుకొని బిడ్డ నిద్రపోవుట మహాదోషము. నిద్రలో ఉమ్మి ఊరుట తగ్గును. తీపి రాత్రియంతయు పంటిమీద నిలుచును. మీది ముందరి పండ్లు గోధుమవన్నె తిరిగి విరుగుట తరచుగా దీనివలననే.

రెండవది తోముట. దినమునకు రెండు మారులు, ముఖ్యముగా రాత్రి పడుకొనుటకు ముందు. ఉదయము తోముకొను అలవాటు మనకందరికి గలదు. రాత్రి తోముకొనువారు అరుదు. పంటికి హెచ్చు కాపు కావలసినది రాత్రియే. తోమిన పిదప నీరు తప్ప మరేదియు తినరాదు. ఏడెనిమిదేండ్ల వరకు బిడ్డ చేతికి బ్రష్షునిచ్చి విడువక పెద్దలే తోమవలెను. దవడ చివరివరకు, చిగురు అంచువరకు మెల్లగా త్రిప్పుచు తోముడు. ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు. ఇంట రోగి యున్నప్పుడు వాని బ్రష్షును వేరుగా నుంచవలెను.

మూడవది పేస్టు కొలత. ఫ్లోరైడు గల పేస్టు పింగాణిని గట్టిపరచును. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు మొదలు ఆరేండ్ల వరకు బఠాణీ గింజంత చాలును. ప్రకటనల బొమ్మలలో చూపునట్లు బ్రష్షు నిండ పూయరాదు. పేస్టును ఉమ్మివేయ నేర్పుడు, మింగనీయకుడు. వరికి జింకు కొద్దిగా కావలెను, హెచ్చైన చెరుపు చేయును, ఫ్లోరైడును అట్టిదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్నచో పండ్లపై మచ్చలు, మరింత హెచ్చైన ఎముకల వంకరలు కలుగునని నల్గొండ జిల్లా పల్లెలు ఎన్నో యేండ్లు అనుభవించినవి. అట్టి చోట్ల బోరునీటిని విడిచి శుద్ధిచేసిన నీటినే త్రాగవలెను.

వేపపుల్ల మాటేమని అడుగుదురు. మెత్తగా నమిలి కుంచెవలె చేసి తోమినచో పెద్దలకు మంచిదే. కాని చిన్నబిడ్డ నోటిలో అది వెనుక దవడలను చేరదు; దానిలో ఫ్లోరైడును లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిని అరగదీయును. పొగాకు కలిపిన పండ్లపొడిని ఇంటిలోనికే రానీయరాదు.

నాలుగవది చేను తిరుగుట. మంచి రైతు పైరును దినదినము చూచుకొనును. అట్లే నెలకొకసారి బిడ్డను వెలుతురున కూర్చుండబెట్టి పెదవి యెత్తి చూడుడు. చిగురు అంచున సుద్దవంటి తెల్లని గీత కనబడినచో అది పుచ్చునకు తొలి గుర్తు. ఆ దశలో తీపి తగ్గించి, ఫ్లోరైడు పేస్టుతో శ్రద్ధగా తోమినచో గుంట పడకుండ ఆగును. గుంట పడిన పిదప ఇంటి పనులు చాలవు.

వేచియుండదగినవి, వేచియుండరానివి

మహమ్మారి కాలమున తలిదండ్రులను మిక్కిలి కలవరపెట్టిన ప్రశ్న యిది. ఏది ఆగును, ఏది ఆగదు? పంట కోతలో మునిగియున్న రైతునకును, వాగు పొంగి దారి తెగిన పల్లెకును ఇదే ప్రశ్న. నొప్పిలేని నల్ల మచ్చ, కదలుచున్న పాలపన్ను, వంకర పన్ను, కొంచెము పెచ్చు లేచిన పాలపన్ను కొన్ని వారములు ఆగగలవు.

ఆగరానివి యివి: బుగ్గ వాచి వాపు కంటివైపునకో, దవడ క్రిందికో, మెడకో ప్రాకుట, వాపుతో జ్వరము, నోరు తెరువలేకుండుట, మింగుటకుగాని ఊపిరి పీల్చుటకుగాని కష్టము, ఆగని రక్తము. వీనిలో ఏదియున్నను తెల్లవారనిత్తమని కూర్చుండరాదు. 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. లాక్‌డౌను కాలమునను ఇట్టి చికిత్సలకు అనుమతి యుండెను. హైదరాబాదున అఫ్జల్‌గంజ్ ప్రాంతమున ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి కలదు.

దెబ్బ తగిలి శాశ్వత దంతము వేరుతో సహా ఊడిపడినచో అది గడియలు లెక్కించు పని. పన్నును తెల్లని పైభాగమున పట్టుకొనుడు. వేరును తాకకుడు, రుద్దకుడు. మట్టి యంటినచో పాలతోగాని శుభ్రమైన నీటితోగాని ఒక్క క్షణము కడిగి, సాధ్యమైనచో ఆ గుంటలోనే తిరిగి నిలిపి, గుడ్డ కరపించి బయలుదేరుడు. సాధ్యము కానిచో చల్లని పాలలో వేసి అరగంట, గంటలోపల వైద్యుని చేరుడు. పాడి గల ఇంట పాలకు కొదువ లేదు గదా. పాలపన్ను ఊడినచో మాత్రము తిరిగి పెట్టరాదు; క్రింది పన్నుకు హాని కలుగును.

రాత్రివేళ నొప్పికి బిడ్డ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాలు నీయవచ్చును. గోరువెచ్చని ఉప్పునీట పుక్కిలింపజేయవచ్చును. లవంగనూనెను చిగురుపై పోసినచో చిగురు కాలును. ఆస్పిరిను పిల్లల కీయరాదు. మందుల దుకాణమున అడిగి నాలుగు గొట్టములు మింగించుట మన పల్లెలలో వాడుక. కాండము లోపల చేరిన పురుగునకు పైపైన చల్లిన మందు తగులనట్లే, చచ్చిన పంటి లోపలికి ఆ మందు చేరదు. నొప్పి తాత్కాలికముగా తగ్గినను మూలము అచ్చటనే యుండును.

మర లేని చికిత్స

మహమ్మారి వలన కొన్ని సులువైన చికిత్సలకు ప్రాముఖ్యము కలిగెను. తుంపర లేపు మరను వాడకుండ, చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగమును గీచి తీసి, గ్లాస్ అయనోమర్ అను సిమెంటుతో పూడ్చుట యొకటి. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడు అను ద్రవమును పుచ్చుపై పూసి దానిని ఆపుట మరియొకటి. ఈ ద్రవము వలన పుచ్చిన చోటు నల్లబడును. నొప్పి లేదు, సూది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రెండింటిని, ఫ్లోరైడు పేస్టును ఆవశ్యక ఔషధముల పట్టికలో చేర్చెను. మరను చూచి బెదరు చిన్నబిడ్డకు వీనిలో నేదైన తగునాయని వైద్యుని అడుగవచ్చును. క్రొత్త దవడపండ్ల గాళ్లను పుచ్చకముందే పూడ్చు పూతలును కలవు.

సంఘములు చేయదగినది

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించు వైద్యబృందములు కలవు. పుచ్చుపండ్లు ఆ పరీక్షలో చేరియున్నవి. బృందము వచ్చు దినమున బిడ్డ బడికి తప్పక పోవునట్లు చూచుటయు, వారు వ్రాసియిచ్చిన చీటిని మూల పడవేయక ఆసుపత్రికి తీసికొనిపోవుటయు తలిదండ్రుల విధి. ఆ దినమును ముందుగా తెలిసికొని సభ్యులకు చాటుట సంఘ కార్యదర్శులకు కష్టమైన పని కాదు. ఎరువుల గోదామున అమ్మకము జరుపు సంఘములు చిన్న బ్రష్షులను, ఫ్లోరైడు పేస్టును కూడ టోకున తెచ్చి అసలు ధరకు అమ్మవచ్చును. పాలకేంద్రమునకు ఉదయము సాయంత్రము వచ్చు తల్లులకు ఊడిన పన్నును పాలలో నుంచు సంగతి యొక్కటి చెప్పినను ఎందరో బిడ్డలకు మేలగును.

మహమ్మారి వంటిది మరల ఎప్పుడు వచ్చునో చెప్పలేము. కాని వైద్యుడు అందని దినములు పల్లెలో ఏటేట వచ్చునవే. నాట్లలో రావు, కోతలలో రావు, వానలలో రావు అని వాయిదా వేసిన ప్రయాణము లెన్ని! హైటెక్ సిటీలో వీథికొక దంతవైద్యశాల యుండియు, ఆ యేడాదిన్నరలో అచ్చటి బిడ్డయు మన పల్లె బిడ్డయు ఒక్కటే స్థితిలో నిలిచిరి. ఆనాడు బిడ్డల పండ్లను కాచినది ఇంటి క్రమము మాత్రమే.

కావున సోదరీ సోదరులకు మా మనవి యిది. నేటి రాత్రి భోజనమైన పిదప మీ బిడ్డలనో మనుమలనో దీపము వెలుతురున కూర్చుండబెట్టుకొని, పెదవి యెత్తి చూచి, మీ చేతితోనే పండ్లు తోముడు. తీపి డబ్బాను చేతికందని యటుకపై నుంచుడు. మరునాటి నుండి తిండికి వేళలు పెట్టుడు. నెల గడచిన పిదప మరల చూడుడు. గుంటగాని, వాపుగాని కనబడినచో నాట్లున్నను కోతలున్నను ఒక్క దినము విడిచి బిడ్డను వైద్యుని కడకు తీసికొనిపొండు.